వాషర్ మార్చేది ఆయిల్ కారకుండా కాదు, థ్రెడ్ పోకుండా

ఇంజన్ ఆయిల్ మార్చే ప్రతిసారీ తలెత్తే వాదన ఒకటుంది. పాత ఆయిల్ దించడానికి విప్పే డ్రెయిన్ బోల్టు తల కింద ఉండే ఆ చిన్న వాషర్‌ని ప్రతిసారీ మార్చాలా, పాతదే తుడిచి మళ్లీ వేసేస్తే సరిపోతుందా? మార్చాలి అనేవాళ్లు "మార్చకపోతే ఆయిల్ కారుతుంది" అంటారు. అక్కర్లేదు అనేవాళ్లు "ఏళ్ల తరబడి అదే వాషర్ వేస్తున్నాం, ఒక్క చుక్క కారలేదు" అంటారు. రెండో మాట చాలాసార్లు నిజమే. అందుకే మొదటివాళ్ల వాదన నిలబడదు. అయినా వాషర్ మార్చాల్సిందేనని నేనంటాను. అయితే దానికి కారణం వేరే ఉంది.

ముందు ఆయిల్ ఎందుకు కారదో చూద్దాం. మామూలు కార్లు, బైకుల ఇంజన్లలో ఆయిల్ కిందనున్న పాన్‌లో నిలవ ఉంటుంది. డ్రెయిన్ బోల్టు ఉండేది అక్కడే. ఆయిల్ పంపు పుట్టించే ప్రెషర్ ఆ బోల్టు దాకా రాదు. బోల్టు మీద పడేది పైనున్న ఆయిల్ బరువు మాత్రమే. పాన్‌లో 15 సెంటీమీటర్ల లోతు ఆయిల్ ఉందనుకున్నా, అడుగున పడే ఒత్తిడి సుమారు 0.0125 బార్. అంటే ఏమీ లేనట్టే. అంత తక్కువ ఒత్తిడికి కొంచెం అరిగిన వాషర్ కూడా అడ్డు నిలుస్తుంది. మరీ పాడైతే బోల్టు తల చుట్టూ చెమ్మ పడుతుంది, దానికి దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు పేరుకుంటుంది, ఎప్పుడో ఒక చుక్క నేల మీద కనిపిస్తుంది. బండి ఆగిపోయే ప్రమాదమేమీ ఇందులో లేదు.

"చుక్క కారలేదు" అనేవాళ్లు గమనించనిది ఒకటుంది. ఆ చుక్క కారకుండా ఉండటానికి వాళ్ల చెయ్యి ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా బిగిస్తోంది.

కొత్త అల్యూమినియం వాషర్ మెత్తగా ఉంటుంది. బోల్టు తల దాన్ని పాన్‌కేసి నొక్కినప్పుడు ఆ మెత్తటి లోహం రెండు వైపులా ఉన్న సన్నటి గీతల్లోకి, గుంటల్లోకి ఒదిగిపోతుంది. సీలింగ్ అంటే అదే. బిగించేటప్పుడు ఈ తేడా చేతికి తెలిసిపోతుంది. కొత్త వాషర్ వేసి బోల్టుని వేళ్లతో తిప్పి ఆనించాక స్పానర్ పెడితే, కొంతదూరం మెత్తగా, సాగుతున్నట్టు తిరుగుతుంది. వాషర్ నలుగుతున్న దూరం అది. ఆ తర్వాతే గట్టిపడుతుంది. పాత వాషర్‌తో ఆ మెత్తదనం ఉండదు. ఆనగానే టక్కున ఆగిపోతుంది.

పాత వాషర్‌ని వెలుతురులో పెట్టి, గోరుతో లోపలి అంచు నుంచి బయటికి గీసి చూడండి. బోల్టు తల అంచు పడిన చోట గుండ్రటి గట్టు ఒకటి గోరుకి తగులుతుంది. లోపలి అంచు థ్రెడ్ (బోల్టు మర గాళ్లు) వైపు పొంగి ఉంటుంది. ఆ గట్టు పోయినసారి బోల్టు ఎక్కడ ఆగిందో దానికి పడిన అచ్చు. ఈసారి బోల్టు సరిగ్గా అదే కోణంలో, అదే కేంద్రంలో కూర్చోదు. పాత అచ్చు మీద కొత్త అచ్చు పడాలంటే లోహం మళ్లీ నలగాలి. కానీ ఒకసారి నలిగిన లోహం మునుపటికన్నా గట్టిపడి ఉంటుంది, రాగిలో ఇది మరీ ఎక్కువ. గట్టిపడినదాన్ని నలపాలంటే ఎక్కువ బలం కావాలి. ఆ బలమంతా మోయాల్సింది పాన్‌లోని థ్రెడ్.

ఎంత బలమో లెక్క వేసి చూస్తే విషయం తేలుతుంది. చాలా హోండా కార్లలో డ్రెయిన్ బోల్టు ఎం14, అంటే 14 మిల్లీమీటర్ల మందం. బిగించాల్సిన టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 39 న్యూటన్ మీటర్లు. మామూలు ఘర్షణ లెక్కలో అది దాదాపు 14,000 న్యూటన్ల బిగువు, అంటే థ్రెడ్ మీద సుమారు 1,400 కిలోల బరువు వేలాడదీసినట్టు. అదే బోల్టుని అలవాటుగా "ఇంకో పట్టు" పట్టి 60 దాకా లాగితే ఆ బరువు 2,100 కిలోలు దాటుతుంది. పొడుగాటి స్పానర్‌తో 60 న్యూటన్ మీటర్లు రావడం పెద్ద కష్టమేమీ కాదు. 30 సెంటీమీటర్ల పిడి చివర 20 కిలోల లాగుడు చాలు.

బోల్టు గట్టి ఉక్కు, పాన్ చాలాసార్లు అల్యూమినియం. ఈ రెండింటి పోటీలో ఓడేది ఎప్పుడూ అల్యూమినియమే. పైగా ఒక్కసారిలో ఓడదు. ప్రతి ఆయిల్ మార్పుకీ కొంచెం కొంచెం సాగుతుంది. చివరికి ఒకరోజు బోల్టు విప్పుతుంటే థ్రెడ్ గాళ్లలో చుట్టుకుని సన్నటి వెండిరంగు తీగ బయటికొస్తుంది. అది పాన్ థ్రెడ్. ఆ రోజు ఎవరి చేతిలో బండి ఉంటే నింద వాళ్ల మీద పడుతుంది, నిజానికి పాడైంది అంతకుముందు ఎన్నోసార్లు. తర్వాత మిగిలేవి ఖర్చుతో కూడిన దారులే: లోపల కొత్త థ్రెడ్ ఇన్సర్ట్ వేయించడం, లేదా పాన్ మార్చడం. తనంతట తానే థ్రెడ్ కోసుకుంటూ వెళ్లే పెద్ద సైజు బోల్టు అమ్ముతారు కానీ, అది కోసిన ముక్కలు పాన్‌లోకే పడతాయి. అది మంచి దారి అని నేను అనను.

అందుకే ఈ చర్చలో నా మాట ఇది: కొత్త వాషర్ వేసేది తక్కువ బలంతోనే సీల్ కావడానికి. ఆయిల్ ఆపడం దాని చిన్న పని, థ్రెడ్‌ని కాపాడటం పెద్ద పని.

"నా దగ్గర టార్క్ రెంచ్ ఉంది, సరిగ్గా 39 కే బిగిస్తాను, పాత వాషర్ అయితే ఏం?" అని అడగొచ్చు. మంచి ప్రశ్న. టార్క్ రెంచ్ అంటే పెట్టుకున్న టార్క్ రాగానే క్లిక్ మనే స్పానర్. బోల్టుకి మనం ఇచ్చే టార్క్‌లో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే ఖర్చవుతుంది. ఇంకో 40 శాతం థ్రెడ్ల రాపిడికి పోతుంది. అసలు బిగువుగా మారేది పదో వంతు మాత్రమే. తల కింద గరుకుగా, గట్లు పడిన పాత వాషర్ ఉంటే అక్కడి రాపిడి పెరుగుతుంది. రెంచ్ 39 దగ్గర క్లిక్ అంటుంది, కానీ బోల్టుకి రావాల్సిన బిగువు రాదు. క్లిక్ విన్నాక కూడా చెమ్మ పట్టిందని ఇంకొంచెం లాగుతాం. కథ మళ్లీ మొదటికొస్తుంది.

అన్ని వాషర్లూ ఒకటి కాదు

"ప్రతిసారీ మార్చాలి" అనే మాట అన్నిటికీ ఒకేలా వర్తించదు. మీ బండికి ఉన్నది ఏ రకమో ముందు చూసుకోవాలి.

బల్లపరుపుగా ఉండే అల్యూమినియం వాషర్, లోపల బోలుగా మడతపెట్టి ఉండే క్రష్ వాషర్: ఈ రెండూ ఒక్కసారికే. బోలు రకం ఒకసారి నలిగి చదునైందంటే దాని పని అయిపోయినట్టే, దాన్ని మళ్లీ వేయడానికి ఏ సాకూ లేదు. ఈ రకానికి కొన్నిటిలో ఏ వైపు పాన్‌కి పెట్టాలనే నియమం ఉంటుంది, అది మాన్యువల్‌లో చూడాలి. టొయోటా ఇంజన్లలో ఎక్కువగా కనిపించే పూత పూసిన వాషర్ కూడా ఇదే కోవ. ఆ పూత ఒకవైపు పాన్‌కి అతుక్కుని చిరిగిపోతుంది కనుక అది రెండోసారికి పనికిరాదు.

రాగి వాషర్ సంగతి కొంచెం వేరు. గట్టిపడిన రాగిని మళ్లీ మెత్తబరచవచ్చు. టార్చ్ మంటలో మసక ఎరుపు రంగు వచ్చేదాకా కాల్చి చల్లారనివ్వాలి. నీళ్లలో ముంచినా గాల్లో వదిలినా రాగికి ఫలితం ఒకటే, ఉక్కులా గట్టిపడదు. తర్వాత పైన పట్టిన నల్లటి పొరని, గాజుపలక మీద సన్నటి ఎమెరీ కాగితం పెట్టి రెండు వైపులా చదునుగా రుద్ది తీసేయాలి. ఇది పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి, పనిచేస్తుంది. కానీ అల్యూమినియం వాషర్‌కి దీన్ని ప్రయత్నించకండి. అల్యూమినియం కరిగేముందు ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కూలిపోతుంది.

బయట ఉక్కు వలయం, లోపల అంటించిన రబ్బరు పెదవి ఉండే బాండెడ్ సీల్ అయితే కొన్నిసార్లు వాడుకోవచ్చు. ఇక్కడ సీల్ చేసేది రబ్బరు, కాబట్టి బలం తక్కువ చాలు. రబ్బరు పెదవి చిరగకుండా, గట్టిపడకుండా, ఉక్కు నుంచి ఊడకుండా ఉందో లేదో ప్రతిసారీ చూడాలి. బోల్టు తలలోనే రబ్బరు రింగు అచ్చుపోసి ఉన్న రకానికీ ఇదే సూత్రం.

వాషర్ బోల్టుకే విడదీయలేకుండా బిగించి వచ్చే రకం ఫోక్స్‌వ్యాగన్ ఇంజన్లలో కనిపిస్తుంది. అక్కడ వాషర్ కాదు, బోల్టే మార్చాలి. కొత్త మోడళ్లలో కొన్నిటికి ప్లాస్టిక్ పాన్, ప్లాస్టిక్ ప్లగ్ వస్తున్నాయి, వాటినీ అంతే. గేర్‌బాక్సుల్లో కొన్నిటికి కొస సన్నగా ఉండే టేపర్ ప్లగ్ ఉంటుంది. దానికి అసలు వాషరే ఉండదు, లేదు కదా అని ఒకటి ఇరికిస్తే కారడం ఖాయం.

ఆయిల్‌ని కింది నుంచి కాకుండా ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ గొట్టంలోంచి పంపుతో లాగేసే పద్ధతి కూడా ఉంది. అలా చేస్తే డ్రెయిన్ బోల్టుని ముట్టనే ముట్టం. ముట్టనిదాని వాషర్ మార్చక్కర్లేదు.

అసలు ప్రమాదం ఫిల్టర్ దగ్గర

వాషర్ గురించి ఇంత వాదించుకునేవాళ్లు ఆయిల్ ఫిల్టర్ రబ్బరు గురించి ఎక్కువ మాట్లాడకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. డ్రెయిన్ బోల్టు దగ్గర లేని ప్రెషర్ మొత్తం ఇక్కడుంది. వేడెక్కిన ఇంజన్ నడుస్తున్నప్పుడు ఫిల్టర్ దగ్గర చాలా కార్లలో 3 నుంచి 5 బార్లు ఉంటుంది. చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసిన క్షణాల్లో ఆయిల్ చిక్కగా ఉంటుంది కనుక ఇంకా పైకి వెళుతుంది. అక్కడ సీల్ తప్పితే చుక్క కారదు, ధారగా కొడుతుంది. కొద్ది నిమిషాల్లో పాన్ ఖాళీ అవుతుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు వెలిగే సమయానికి బేరింగులకు నష్టం మొదలై ఉండొచ్చు.

స్పిన్ ఆన్ ఫిల్టర్, అంటే డబ్బాలా ఉండి మొత్తం తిప్పి బిగించే రకంలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒక్కటే. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజన్ వైపే అతుక్కుని ఉండిపోతుంది. నల్లటి లోహం మీద నల్లటి రబ్బరు కంటికి ఆనదు. దాని మీద కొత్త ఫిల్టర్ ఎక్కిస్తే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. చేతికి బిగుతుగానే అనిపిస్తుంది. ఇంజన్ ఆన్ చేశాక ప్రెషర్‌కి ఒక రబ్బరు పక్కకి జారి బయటికొస్తుంది. దీన్ని తప్పించడానికి రెండు క్షణాలు చాలు: విప్పిన ఫిల్టర్‌ని పక్కన పడేయకముందు తిప్పి దాని రబ్బరు దానికే ఉందా అని చూడండి. తర్వాత ఇంజన్ మీద ఫిల్టర్ కూర్చునే చోట గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ ఒకసారి తడమండి. కొత్త ఫిల్టర్ రబ్బరుకి కొత్త ఆయిల్ రాయండి. పొడిగా బిగిస్తే రబ్బరు తిరుగుతూ మెలిపడుతుంది, వచ్చేసారి ఊడదు. రబ్బరు ఆనాక ఎంత తిప్పాలో ఫిల్టర్ మీదే రాసి ఉంటుంది, చాలావాటికి ముప్పావు చుట్టు నుంచి ఒక చుట్టు. చేత్తోనే. ఫిల్టర్ రెంచ్ ఉన్నది విప్పడానికే.

కాగితం ఎలిమెంట్ మాత్రమే మార్చే కార్ట్రిడ్జ్ రకంలో మూతకి పెద్ద ఓరింగ్, అంటే రబ్బరు రింగు, ఉంటుంది. ఇది ప్రతిసారీ మార్చాల్సిందే, ఇందులో మినహాయింపు లేదు. కొత్త ఓరింగ్‌ని అడ్డంగా కోస్తే గుండ్రంగా ఉంటుంది. గాడిలో అది నలిగి, తిరిగి తన్నుకొచ్చే బలంతోనే సీల్ చేస్తుంది. నెలల తరబడి 100 డిగ్రీల వేడిలో నలిగి ఉన్న రబ్బరు ఆ తన్నుకొచ్చే గుణాన్ని పోగొట్టుకుంటుంది. పాతదాన్ని రెండు వేళ్ల మధ్య దొర్లించి చూడండి. గుండ్రంగా దొర్లదు, పలకలు తగులుతాయి. అదొక్కటే చాలు, మరే పరీక్షా అక్కర్లేదు. దొరికిన ఓరింగ్ ఏదో సైజు సరిపోయిందని వేయడమూ మంచిది కాదు. మామూలు నైట్రైల్ రబ్బరు దీర్ఘకాలం తట్టుకునేది సుమారు 100 నుంచి 120 డిగ్రీలే. ఎఫ్‌కేఎం అనే రబ్బరు రకం 200 దాకా ఓర్చుకుంటుంది. కంపెనీ ఎఫ్‌కేఎం ఇచ్చిన చోట నైట్రైల్ వేస్తే సైజు సరిగ్గా ఉన్నా త్వరగా గట్టిపడుతుంది.

మూత మీద ఒకటికంటే ఎక్కువ గాళ్లు ఉండొచ్చు. ఓరింగ్‌ని తప్పు గాడిలో వేయడం తరచూ జరిగేదే. పాతది తీయకముందే అది ఏ గాడిలో ఉందో ఫోటో తీసుకోండి. తీయడానికి స్క్రూడ్రైవర్ మొన వాడకండి. ప్లాస్టిక్ గాడిలో పడిన అడ్డగీత ఎంత మంచి ఓరింగ్‌నైనా ఓడిస్తుంది. చెక్క పుల్లో ప్లాస్టిక్ పుల్లో చాలు. మూత బిగించాల్సింది చాలావాటిలో 25 న్యూటన్ మీటర్లే, మూత మీదే అచ్చు వేసి ఉంటుంది. అంతకు మించితే ప్లాస్టిక్ పగులుతుంది.

కొన్ని ఇంజన్లలో మూత మధ్యలోంచి వచ్చే కాడకి చిన్న ఓరింగులు ఉంటాయి. ఫిల్టర్ పెట్టెలో పెద్ద ఓరింగ్‌తోపాటు అవీ వస్తాయి. పెద్దది మార్చి చిన్నవాటిని పెట్టెతో సహా పారేయడం ఎంత మామూలో చెప్పలేను. అవి పాడైతే బయటికి ఒక్క చుక్క రాదు కనుక ఎవరికీ తెలియదు. నష్టం లోపల జరుగుతుంది: కొంత ఆయిల్ తన దారి తప్పుతుంది, లేదా ఇంజన్ ఆపాక ఫిల్టర్ గదిలోని ఆయిల్ కిందికి జారిపోయి, మర్నాడు స్టార్ట్ చేసినప్పుడు ప్రెషర్ రావడం ఆలస్యమవుతుంది. ఫిల్టర్ పెట్టెని పారేసే ముందు ఒకసారి ఊపి వినండి, అడుగున వాషరో ఓరింగో మిగిలి ఉంటుంది.

బైకులు, స్కూటర్ల విషయంలో నేను ఇంకా పట్టుదలగా ఉంటాను. కార్లో థ్రెడ్ పోతే పాన్ మార్చొచ్చు. చాలా బైకుల్లో విడిగా పాన్ ఉండదు, బోల్టు నేరుగా ఇంజన్ క్రాంక్‌కేస్‌లోకే బిగుస్తుంది. థ్రెడ్ పోయిందంటే పోయింది ఇంజన్ ఒంటికే. చిన్న ఇంజన్లలో ఆయిల్ ఒక లీటరు అటూ ఇటుగానే ఉంటుంది, కొంచెం కొంచెంగా కారినా లెవెల్ త్వరగా పడిపోతుంది. కారిన ఆయిల్ గాలికి వెనక్కి కొట్టుకుపోయి వెనక టైరు మీద పడితే బండి జారుతుంది. చాలా చిన్న బైకులకు ఎం12 బోల్టు, బిగించాల్సింది 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య. అదెంత తక్కువో టార్క్ రెంచ్‌తో ఒకసారి చూస్తే చెయ్యి ఆశ్చర్యపోతుంది. స్కూటర్లలో స్ప్రింగు, జల్లెడ ఉండే పెద్ద మూత విప్పితే దాని ఓరింగ్ మార్చాలి. ఇంజన్ పక్క కవర్ విప్పనప్పుడు దాని కాగితం గ్యాస్కెట్‌ని కదిలించే పనే లేదు.

ఆ మాటకొస్తే మార్చక్కర్లేనివి చాలా ఉన్నాయి. ఆయిల్ పోసే మూత రబ్బరు, డిప్‌స్టిక్ ఓరింగ్, వాల్వ్ కవర్ గ్యాస్కెట్ లాంటివి గట్టిపడినప్పుడో, చెమ్మ కనిపించినప్పుడో మార్చాల్సినవి. ఆయిల్ మార్పు పేరుతో వాటన్నిటినీ బిల్లులో చేర్చడం న్యాయం కాదు.

కొత్త వాషర్ వేసినా కారుతుంటే

ఇక్కడే చాలామంది స్పానర్ అందుకుని ఇంకో పావు చుట్టు లాగుతారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు ఆ చోటంతా బ్రేక్ క్లీనర్‌తో కడిగి, తుడిచి, ఇంజన్‌ని వేడెక్కేదాకా నడిపి, బోల్టు పై అంచున తెల్ల కాగితం ఆనించి చూడండి. పైనున్న ఫిల్టర్ నుంచో, వాల్వ్ కవర్ నుంచో జారిన ఆయిల్ కూడా చివరికి చేరేది అన్నిటికన్నా కింద ఉన్న బోల్టు దగ్గరికే. తడి నిజంగా బోల్టు తల కిందనుంచే వస్తుంటే, ఆయిల్ పట్టడానికి శుభ్రమైన గిన్నె పెట్టి బోల్టు విప్పాలి.

మొదట వెతకాల్సింది రెండో వాషర్. పాతది పాన్‌కే అతుక్కుని, చుట్టూ ఉన్న లోహంలో కలిసిపోయి కనిపించకుండా ఉంటుంది. గోరుతోనో ప్లాస్టిక్ పుల్లతోనో అంచు వెతికితే ఊడొస్తుంది. రెండు వాషర్లతో బిగిస్తే ఒక చుట్టు థ్రెడ్ పట్టు కూడా తగ్గుతుంది. తర్వాత వాషర్ సైజు. ఎం12 బోల్టుకి ఎం14 వాషర్ వేస్తే అది ఒక పక్కకి జరిగి కూర్చుంటుంది. ఆ తర్వాత పాన్ ముఖం చూడండి. గుండ్రంగా తిరిగే గీతలతో పెద్ద ఇబ్బంది లేదు, లోపలి నుంచి బయటికి అడ్డంగా ఉన్న గీత మాత్రం ఆయిల్‌కి కాలువే. బోల్టు తల అడుగు వంగి ఉందేమో కూడా చూసి, అనుమానంగా ఉంటే బోల్టే మార్చేయండి.

టెఫ్లాన్ టేపు, గ్యాస్కెట్ పేస్టు పరిష్కారాలు కావు. టేపు థ్రెడ్‌ని జారుడుగా చేస్తుంది కాబట్టి అదే టార్క్‌కి బిగువు ఎక్కువైపోతుంది. పేస్టు ముక్కలు ఊడి పాన్‌లో పడితే ఆయిల్ పంపు పీల్చే జల్లెడకి అడ్డం పడతాయి. కొత్త వాషర్ ఆ పూట దొరక్కపోతే, పాతదాన్నే శుభ్రంగా తుడిచి చెప్పిన టార్క్ దగ్గరే ఆపేయండి. కొంచెం చెమ్మ పడితే పట్టనివ్వండి, రోజూ డిప్‌స్టిక్ చూసుకుంటూ ఉండండి, సరైన వాషర్ దొరికాక మార్చండి. బోల్టుని తిరిగి పెట్టేటప్పుడు మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పండి. వేళ్లకి తేలిగ్గా తిరగకపోతే థ్రెడ్ అడ్డం పడినట్టే, వెంటనే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి.